గుంట పడ్డ పలక

నన్ను పిలిచింది నేల బాగుచేయడానికి,
మోకరించడానికి కాదు.
ఈ మాట ముందే చెప్పాను డీకనమ్మ ఓజెల్లాతో.
"మోకాళ్ళ మీద కూర్చోకుండా నేలెట్లా బాగుచేస్తావే, వెర్నెల్?" అంది
నవ్వకుండా.

పన్నెండడుగుల వెడల్పు, పద్దెనిమిది పొడవు.
దక్షిణ కరోలినా దీవుల్లో ఒకానొక దీవి,
ఉప్పుబాడవ అంచున మా స్తుతి ఇల్లు.
బల్లలు లేవు, సిలువైనా లేదు,
తలుపు పక్క మేకుకి ఒక లాంతరు.
పలకల కింద చెదలు, చెదల కింద ఆల్చిప్పల సున్నం,
దాని కింద పోటుకి ఉబ్బి, ఆటుకి కుంగే బురద.

ఎడమ మూల పలకలో గుంట.
గుప్పిటంత. నీళ్ళు పోస్తే నిలిచేంత.
రోలు కాదు,
ఎవరూ ఏమీ దంచలేదు ఇందులో
రాత్రుల్ని తప్ప.

డోలు మోగిస్తే నేరం అన్నారట ఒకప్పుడు.
తోలు లాక్కోవచ్చు, గూడు లాక్కోవచ్చు,
కాళ్ళ కింది నేలని చాపలా చుట్టి పట్టుకెళ్ళలేరు కదా.
చీపురుని తలకిందులు చేశారు మావాళ్ళు.
చీపురునెవరు అనుమానిస్తారు?
పగలు దొర వసారా ఊడ్చేది,
రాత్రి దేవుణ్ణి నిద్ర లేపేది.

తలుపు సందులోంచి చూసేదాన్ని చిన్నప్పుడు.
గడియారానికి ఎదురు తిరుగుతూ ముసలాళ్ళు.
పాదం నేలని విడవకూడదు,
పాదాన్ని పాదం దాటకూడదు,
దాటితే నాట్యం. నాట్యం పాపం.
జరగాలంతే, ఈడ్వాలంతే,
నేలని అరికాలితో చదువుకోవాలి.
ఒకరు ఎత్తుకుంటే గోడవారగా ఉన్నవాళ్ళు అందుకునేవాళ్ళు.
చప్పట్లలో ఒకటి వానది, ఒకటి రేకుకప్పుది,
ఇంకొకటి ఆ రెంటి మధ్య ఖాళీది.

తాత థాడియస్ పాడేవాడు కాదు.
నత్తి.
"ప్ర... ప్ర..." దగ్గరే నిలబడిపోయేవాడు,
ప్రభువు దాకా వెళ్ళలేకపోయేవాడు.
ఈ మూల నిలబడి కర్ర పట్టుకున్నాడా,
ఒక్క అక్షరం తడబడేది కాదు.

గునపం పెట్టి ఎత్తాను. పాత మేకులు కీచుమన్నాయి.
తిరగేసి చూస్తే
గుంట అడుగున బిళ్ళంత మందమే మిగిలుంది.
ఇంకో రెండు చలికాలాలు ఆయన బతికుంటే
కర్ర అవతలికి పోయేది.

కొత్త పలక కోశాను, చేవదేరిన పైన్.
చిత్రిక పట్టాను, అద్దంలా వచ్చింది.
అదే నచ్చలేదు.
ఉలి తీశాను. కొలత నాకు తెలుసు,
ఇంత వెడల్పు, ఇంత లోతు,
పాతదానికి అచ్చంగా ఓ గుంట తొలిచేస్తే
ఎవరూ కనుక్కోలేరు.

ఓజెల్లా నా మణికట్టు పట్టుకుంది.
"చేసిన ప్రార్థన చొక్కాలా కొని తొడుక్కుంటామా?"

సిగ్గేసింది. కోపమూ వచ్చింది.
పన్లోంచి ఇరవయ్యేళ్ళలో ఎవరూ నా ఉలి ఆపలేదు.

ఆమె మూలనున్న చీపురు తీసి తిరగేసి
కొత్త పలక మీద ఒక్కటి కొట్టింది.
పీలగా మోగింది, గొంతు విరగని పిల్లాడిలా.
మొహం చిట్లించింది.
"పచ్చిది," అంది. "నీ తర్వాతివాళ్ళకి పండుతుందిలే."

పాత పలకని ఇంటికి తీసుకెళ్దామనుకున్నాను,
వార్నిష్ పూసి గోడకి తగిలించాలని.
అడిగేలోపే
కిటికీ బయట పెట్టించింది దాన్ని.
వానొస్తే పిట్టలు తాగుతాయట.

కూలి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది,
యాభై తక్కువ. బెండకాయల మూటతో సరిపెట్టింది.

సామాను సర్దుకుని లేచాను.
నేలంతా రంపం పొట్టు,
అందులో రెండు గుంటలు,
నా మోకాళ్ళవి.
ఓజెల్లా వాటినే చూస్తోంది.
చీపురు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.
ఊడ్వలేదు.